రేణువుల కండక్టరు

ఆ కండక్టరుకు ఒకటే పిచ్చి. బస్సులో ఆయనకు మనుషులు కనబడరు, రేణువులు కనబడతాయి.

మిగతా కండక్టర్లు "జరగండి, జరగండి" అని ఊరుకుంటారు. ఈయన అలా కాదు.

"రేణువులూ, అలా బిగుసుకుపోతే ఎలా? మీరేమన్నా రాయా? రాతిలో రేణువులే అలా ఒకదాన్నొకటి పట్టుకుని, ఉన్నచోటే వణుకుతుంటాయి. కాస్త నీళ్ళవండి. ఒకరినొకరు ఒరుసుకుంటూ వెనక్కి జారండి."

"మేం నీళ్ళయితే టికెట్టు ఎవరికి కొడతావయ్యా?" అన్నాడొక ముసలాయన.

"బిందెకి కొడతాను బాబాయ్. నీళ్ళకి సొంత ఆకారం ఏడ్చిందా?"

ముందు సీట్లో ఒకావిడ సెంటు సీసా మూత తీసిందో లేదో, వెనక సీటు దాకా తుమ్ములే. "చూశారా, గాలి రేణువులకి ఒకరితో ఒకరికి పొత్తుండదు. చోటు దొరికితే చాలు, బస్సంతా చుట్టేస్తాయి" అని అక్కడా పాఠమే. ఆవిడ దిగేదాకా మూతి ముడుచుకునే కూర్చుంది.

ఈ పిచ్చికి కండక్టరు భార్య మొదట్లో నవ్వింది. బస్సు డిపో ఆఫీసు నుంచి కబురొచ్చాక నవ్వు ఎండిపోయింది. ఫిర్యాదు వచ్చిందట. మొగుడికి మతి చెడిందేమో చూపించాలి, ఆమె కూడా రావాలట. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బయల్దేరింది.

"నేనూ రేణువునేనా మీకు?" అంది దారిలో.

"నువ్వు ఏకంగా రాయివే. కాకపోతే వణికేది నేను."

ఆమె విసవిసా ముందు నడిచి మేనేజరు గదిలోకి వెళ్ళింది.

"ప్రయాణికుల్ని రాళ్ళూ నీళ్ళూ అన్నావట. డాక్టరు సరేననేదాకా బస్సెక్కొద్దు" అన్నాడు మేనేజరు. కండక్టరు తల వంచుకున్నాడు.

"చెప్పండి. బస్సులో ఆగని నోరు ఇక్కడ గడ్డకట్టిందేం?" అని భార్య మోచేత్తో పొడిచింది.

అప్పుడే, రోజూ ఆయన బస్సులోనే పనికెళ్ళే ఆస్పత్రి ఆయా ఒకామె తలుపు తోసుకుని వచ్చింది. బస్సులో వేరే కండక్టరు కనబడితే ఆరా తీసి, నేరుగా ఇక్కడికే వచ్చిందట.

"ఈయనకి పిచ్చి లేదు సార్. ఉంటే నాకుంది. నలభై దాటాక పదో తరగతికి కట్టాను. సైన్సు రెండుసార్లు పోయింది. అది పాసైతేనే నా ఉద్యోగం పర్మినెంటు. చదువుకోడానికి నాకు మిగిలేది బస్సులో ముప్పావు గంట. నిలబడి పుస్తకం ఎలా పట్టుకోను? నలుగురికీ తెలిస్తే నవ్వుతారని, ఎవరికీ చెప్పనని ఈ అన్న దగ్గర మాట తీసుకున్నాను. పాఠం నాకొక్కదానికే చెప్తే పసిగడతారని బస్సంతటికీ చెప్పాడు. నిన్నే ఫలితాలొచ్చాయి, పాసయ్యాను."

మేనేజరు ఫిర్యాదు కాగితం మడిచి సొరుగులో పడేశాడు.

భార్య గుండెల మీంచి బండ దిగింది. "ఇంట్లోనన్నా చెప్పి చావొచ్చుగా?"

"మాటిచ్చాను కదే."

ఆయా గొంతు తగ్గించింది. "అన్నా, మా వాచ్‌మన్ కూడా పరీక్షకి కట్టాడు. ఆయనకి పోయింది లెక్కలు. రేపటి నుంచి మన బస్సుకే వస్తాడట. ఎవరికీ చెప్పొద్దన్నాడు."

మేనేజరు కళ్ళు మూసుకున్నాడు. కండక్టరు మొహం వెలిగిపోయింది. భార్య కొంగు దోపుకుని లేచింది.

"ఇంకేం, రేపటి నుంచి ఈయన బస్సు ఎక్కాలంటే ఎక్కాలు రావాలి."