మామ పుట్టించిన చేతిమాటల జనం

మామ పోయాడన్న కబురు నాకు సాంచాల నడుమ అందింది. ఆ మరమగ్గాల మోతలో నోటిమాట వినబడదు. వచ్చినవాడు మామ గది వైపు చూపించి, కళ్లు మూసి, చెయ్యి పైకెత్తాడు. నేను సాంచా ఆపేశాను.

వరసకు మామేం కాడు. సూరత్‌లో నా పక్కగది, మా జిల్లావాడు. షెడ్డులో అందరం సైగలతో బతికేవాళ్లమే. మామ ఒక్కడే ఆ సైగల్లోంచి తన ఊహలో ఒక జనాన్ని పుట్టించాడు. మీరు నవ్వినా సరే, చెప్తాను. వాళ్లుండేది ఎడతెగని గాలి హోరులో, కొండల మీద. చేతులే వాళ్ల భాష.

"నెత్తిమీద మూటుంటే ఎట్ల మాట్లాడతరు మామా?" అని గెలికాను, దొరికాడనుకుని.

"మాట్లాడరు. కొట్లాడాలన్నా మూట దించాలె. దించేసరికి సగం కోపం పోతది. నీ అసొంటోనికి రెండు మూటలు పెట్టాలె."

ఊరుకుంటానా? డుమస్ బీచ్‌లో షెడ్డువాళ్లతో భజియాలు తింటూ ఇంకో ప్రశ్న వేశాను. "చీకట్ల ఆలుమగలు ఎట్ల మరి?"

అందరూ పగలబడి నవ్వారు. మామ తినడం ఆపి ఆలోచించాడు. "చేతిల చెయ్యి పెట్టి చెప్పుకుంటరు. గందుకే చీకట్ల అబద్ధాలుండవు."

వాళ్లకో పేరు పెట్టమంటే, "పేరు పక్కోళ్లు పెడతరు. వాళ్లు 'మనం' అనుకుంటరు, గంతే" అన్నాడు. నా కొంటె ప్రశ్నలకు తిట్లు కాకుండా జవాబులు వెతికినవాడు ఆయనొక్కడే.

దమ్ము రోగంతో ఊపిరాడక మంచం పట్టాక ఆయన దిగులంతా వాళ్ల గురించే. "వాళ్లల్ల ఎవలన్న సస్తే ఏం జేస్తరో ఇంక తేలలేదురా. నేను పోతే వాళ్లకు దిక్కెవలు?"

"నువ్వే తేల్చు, ఏం తొందర?" అన్నాను. ఆయన తేల్చకుండానే పోయాడు.

దహనం అయ్యాక చాయ్ బండి దగ్గర కూర్చున్నాం. నా అవతలి వరసలో సాంచాలు నడిపే అన్న అడిగాడు: "ఇంతకు వాళ్లల్ల పోయినోళ్లకు ఏం జేస్తరే?"

అందరూ నా వైపే చూశారు. నోటిదాకా వచ్చిన వేళాకోళాన్ని మింగాను.

"పోయినోని సైగ ఒక్కోటి ఒక్కొక్కరు తీసుకుంటరు. ఇగ అది వాళ్లదే."

"మామ ఒప్పుకుంటడా?"

"ఒప్పుకోకుంటే వచ్చి కొట్లాడుమను."

ఎవరూ నవ్వలేదు. చాయ్ తాగి లేచాం.

పోగు తెగిందని చెప్పడానికి మేమంతా వేళ్లను కత్తెరలా ఆడిస్తాం. మామ మాత్రం చిటికెన వేలు వంచి ఊపేవాడు. మర్నాడు పోగు తెగినప్పుడు, సాంచాల మీదుగా నాకేసి చూస్తూ, ఆ అన్న చిటికెన వేలు వంచి ఊపాడు.