పేలనని ఒట్టేసిన తాతారావు

టికిరి బజారులో కిరాణా కొట్టు తాతారావు దీపావళికి టపాకాయలు కూడా అమ్ముతాడు. ఊళ్లో ఆయన పేరే సీమటపాకాయ. ఎవరో పెట్టింది కాదు, తనే చెప్పుకుంటాడు. "కొట్లో దీపావళి ఏడాదికోసారి, ఇంట్లో రోజూ," అంటాడు, అదేదో బిరుదైనట్టు.

కూతురు రష్మి పెళ్లికి ఆ బిరుదే అడ్డం పడింది. పార్వతీపురం వాళ్లొస్తే ఉప్మాలో జీడిపప్పు దగ్గర మొదలైన మాట వాళ్ల తాతల దాకా వెళ్లింది. రాయగడ వాళ్లతో గొడవ దేని మీద వచ్చిందో తాతారావుకే గుర్తు లేదు. తను గెలిచినట్టు మాత్రం గుర్తుంది. గెలిచి ఏం లాభం, ఆ సంబంధమూ పోయింది.

ఈసారి కోరాపుట్ సంబంధం. అబ్బాయి బ్యాంకులో పనిచేస్తాడు, రష్మికి నచ్చాడు. తాంబూలాల రోజు పొద్దున్నే తండ్రి చెయ్యి తీసి తన నెత్తిన పెట్టుకుంది.

"నాన్నా, ఈ ఒక్క పూటా పేలకు. నాకా అబ్బాయే కావాలి."

తాతారావు మనసు చివుక్కుమంది. కన్నకూతురు తన నోటికి భయపడుతోంది.

"ఒట్టే అమ్మీ. నోరిప్పితే నన్నడుగు," అన్నాడు.

తాంబూలాలు మారగానే కాల్చడానికి గుమ్మానికి పెద్ద టపాకాయల దండ కట్టి ఉంచాడు. దాన్ని చూసి అబ్బాయి తండ్రి మోహన్‌కృష్ణ మొహం చిట్లించాడు. "ఈ పొగా, ఈ మోతా ఎందుకండీ? మా ఇంట్లో మానీసేం."

తాతారావుకు చెవులు వేడెక్కాయి. ఒక లడ్డూ నోట్లో కుక్కుకున్నాడు.

"లడ్డూలో నెయ్యి తక్కువైనట్టుంది," అన్నాడాయన. నెయ్యి తాతారావు కొట్లోదే. ఇంకో లడ్డూ కుక్కుకున్నాడు. ముహూర్తం గురించి అడిగితే తలూపాడు. అబ్బాయి ఎలా ఉన్నాడంటే మళ్లీ తలూపాడు. లోపల ఎంత మందు కూరి ఉందో ఆయనకే తెలుసు.

కాసేపటికి మోహన్‌కృష్ణ లేచాడు. "వచ్చిన కాణ్నించీ ఒక్క మాటైనా ఆడలేదు మీరు. సంబంధం ఇష్టం లేనట్టుంది. బలవంతం ఎందుకు, ఎల్లొస్తాం," అని చెప్పులు వెతుక్కున్నాడు.

రష్మి కళ్లలో నీళ్లు తిరిగాయి. నోరు తెరిచి రెండు సంబంధాలు చెడగొట్టాడు, మూసి మూడోది చెడగొడుతున్నాడు. ఇంతటి ప్రతిభ ఇంకెవరికుంటుంది అనుకున్నాడు తాతారావు.

"ఇష్టం లేదని ఏ సన్నాసి సెప్పేడండీ?"

ఇంటి పెంకులు అదిరాయి.

"ఈ సంబంధం కుదరాలనే పొద్దున్నించీ నోరు కట్టీసుకుని సచ్చిపోతన్నాను! మీ అబ్బాయంటే నా పిల్లకి పేనం! నాకూ ఇష్టమే! బంగారంలాటి కుర్రోడు! కూకోండి!"

మోహన్‌కృష్ణ కూర్చున్నాడు. కూర్చోక ఏం చేస్తాడు! ఒట్టు గుర్తొచ్చి తాతారావు చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఏటి ఆపీసేరు?" అంది భార్య సుబ్బులు కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. "ఇంకోసారి సెప్పండి. వరండాలో కూకున్నోల్లకి ఇనపడలేదు."