సత్తెమ్మ దాటిన చోటు

దయ్యాల మాటెత్తితే నవ్వేదాన్ని. చచ్చినవాళ్లంతా తిరిగొస్తే మా ఆఫీసులో నిలబడ్డానికి చోటుండదని అనేదాన్ని. రోడ్డు ప్రమాదాల్లో ఎవరు ఎక్కడ, ఎందుకు పోయారో తేల్చి, అక్కడ మళ్లీ ఎవరూ పోకుండా ఏం చేయాలో చెప్పడం నా ఉద్యోగం. కాగితం మీద ఉందని కూడా దేన్నీ ఊరికే ఒప్పుకోను. మాది తెనాలి, నోరు కాస్త ఎక్కువే. అయినా నాకిది జరిగింది.

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వెళ్లే రోడ్డు మీద ప్రమాదం జరిగితే చిరునామా మెట్రో పిల్లరే. ఫలానా నంబరు పిల్లర్ దగ్గర అని రాస్తారు, అంతే. సత్తెమ్మ కేసులోనూ అలాగే రాశారు. ఆమె ఒక ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి. రోడ్డు దాటుతుంటే బైకు కొట్టి చనిపోయింది. ఆ పిల్లర్ దగ్గర అంతకుముందు కూడా ప్రాణాలు పోయాయి కాబట్టి, అక్కడ జనం దాటడానికి సిగ్నల్ పెట్టాలని మా పైవాళ్లు అనుకున్నారు. మర్నాడు మీటింగులో సంతకాలే తరువాయి.

నాకెందుకో మనసొప్పలేదు. మిట్టమధ్యాహ్నం ట్రాఫిక్ కానిస్టేబుల్ యాదగిరిని వెంటబెట్టుకుని వెళ్లాను. తీరా చూస్తే పిల్లర్ దగ్గర రోడ్డు మధ్య ఇనుప కంచె నిక్షేపంగా ఉంది. దాటుదామన్నా దారి లేదు. మరి ఇక్కడ మనుషులెలా చస్తున్నారని ఒళ్లు మండింది. వెనక్కి నడుచుకుంటూ వస్తే, బస్టాపు ఎదురుగా కంచెలో సందు కనిపించింది.

బస్టాపు దగ్గర నిలబడి ఉండగా ఎవరో నా చెయ్యి పట్టుకున్నారు. ముసలి చెయ్యి, గరుకుగా ఉంది. గాజులు నా మణికట్టుకు నొక్కుకున్నాయి.

"జర దాటియ్యి బిడ్డా" అంది.

నేను వచ్చే బళ్లనే చూస్తున్నాను, ఆమె మొహం చూడలేదు. రోడ్డు మీద పెద్దామె చెయ్యి పట్టుకుంటే ఊరూ పేరూ అడుగుతామా? నడిచాం. ఆగి ఉన్న బస్సు ముందునుంచి ఇంకో అడుగు వేయబోతుంటే ఆ చెయ్యి నన్ను బలంగా వెనక్కి లాగింది. బస్సు పక్కనుంచి బైకు దూసుకుపోయింది. నా చున్నీ కొస దానికి తగిలింది. ఆ తర్వాత ఎలా నడిచానో తెలియదు. రోడ్డు మధ్య దిమ్మె ఎక్కి చూసుకుంటే నా చేతిలో ఎవరి చెయ్యీ లేదు.

యాదగిరి ఉరుక్కుంటూ వచ్చాడు. ఆ పెద్దామె ఎటు పోయిందని అడిగాను.

"ఏ పెద్దామె మేడం? మీరొక్కరే పోయిండ్రు. చెయ్యి పక్కకు జాపి పోతుంటే, గిట్ల నడుస్తున్నరేందని చూస్తున్న" అన్నాడు.

మణికట్టు మీద గాజుల అచ్చు ఎర్రగా పడి ఉంది. అది అతనికీ కనిపించింది. ఎండదెబ్బ అనుకుందామంటే ఎండకు గాజులుండవు కదా.

అక్కణ్నుంచి నేరుగా ఎల్లారెడ్డిగూడలో ఉండే సత్తెమ్మ కూతురు స్వప్న ఇంటికి వెళ్లాను. జరిగింది చెప్పలేదు. అమ్మ రోడ్డు ఎక్కడ దాటేదని మాత్రం అడిగాను. బస్టాపు దగ్గరేనంది. వాళ్లమ్మకు రోడ్డంటే చచ్చేంత భయమట. పక్కన ఎవరుంటే వాళ్ల చెయ్యి పట్టేసుకుని దాటేదట. ఆ మాట వినగానే మణికట్టు మీది అచ్చును చున్నీతో కప్పుకున్నాను.

మరి పిల్లర్ అని ఎందుకు రాశారో కూడా స్వప్నే చెప్పింది. దెబ్బ తగిలాక జనం ఆమెను ఎండలో ఉంచలేక మోసుకెళ్లి పిల్లర్ కింద నీడలో పడుకోబెట్టారట. పోలీసులొచ్చి ఆ నంబరే రాసుకున్నారు. పాపం, ఎవరూ కావాలని తప్పు చేయలేదు. తర్వాత ఆరా తీస్తే అక్కడ పోయిన మిగతావాళ్ల విషయంలోనూ అదే జరిగింది.

మీటింగులో చెయ్యి సంగతి ఎత్తలేదు. ఎత్తితే ఎర్రగడ్డ పిచ్చాసుపత్రికి పంపేవాళ్లు. ఆ ఉదయం బస్టాపు దగ్గర తీసిన వీడియోలు చూపించాను. రికార్డులో పిల్లర్ అనే ఉంది కదమ్మా అని పెద్దసారు విసుక్కున్నారు.

"పడ్డ చోటు వేరు, పడుకోబెట్టిన చోటు వేరు సార్. సిగ్నల్ అక్కడ పెడితే ఇక్కడ ఇంకొకరు పోతారు. నేను సంతకం పెట్టను" అన్నాను.

పెట్టలేదు. ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగాను, తిట్లు తిన్నాను. చివరికి ఆగిన బస్సు అడ్డం రాకుండా బస్టాపు జరిపించాను, సందు దగ్గరే సిగ్నల్ పెట్టించాను. ఇప్పుడు ఏ కేసైనా, మనిషి పడింది ఎక్కడో చూసినవాళ్లను అడగందే మా మ్యాపులో గుర్తు పెట్టనివ్వను.

సిగ్నల్ మొదలైన రోజు స్వప్నను రమ్మన్నాను. అప్పుడు చెప్పాను అంతా. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. రోడ్డు అవతలి వైపు చూసింది.

"మా అమ్మ అవతలికి చేరిందా మేడం?" అంది.

చేరిందని చెప్తే ఆ పిల్ల మనసు కుదుటపడేది. చూడనిది చెప్పడానికి నాకు నోరు రాలేదు. తెలియదమ్మా అన్నాను. ఇప్పటికీ తెలియదు.