కలే పండ్ల షర్బత్ మీద సారా కేసు

1983 వేసవి చివర నన్ను ఉట్నూర్‌కు ఫలసంరక్షణ శిక్షకురాలిగా వేశారు. అడవిలో దొరికే చిన్న పండ్లతో షర్బత్‌లు, పచ్చళ్లు చేయడం ఊరూరా తిరిగి ఆడవాళ్లకు నేర్పాలి. "మెట్‌పల్లి పిల్లవు, గా అడవిల ఎట్లుంటవే?" అని మా అవ్వ ఒకటే పరేషాన్. నేను వెనక్కి తగ్గే రకం కాదు.

మొదట కలే పండ్లు పట్టుకున్నాను. ముళ్లపొదలకు కాసే నల్లని చిన్న పండ్లవి, పులుపూ తీపీ కలిసి ఉంటాయి. ఉడికించి, గుడ్డలో వడకట్టి, రసానికి సమానంగా పంచదార వేసి మరిగించాలి. కాచిన సీసాల్లో వేడిమీదే నింపి బిరడా బిగించాలి. చల్లారాక నింపితే పులుస్తుంది.

ఒక గోండు గూడెంలో నా దగ్గర నేర్చుకున్న ఆడవాళ్ల బృందానికి లచ్చుబాయి పెద్ద. సంతకు సీసాలు సిద్ధం చేస్తుంటే పంచదార అయిపోయింది. ఆమె చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఎండిన ఇప్పపువ్వు ఉడికించి ఆ తీపి పాకం పోసింది. రుచి చూశాను, బ్రహ్మాండం!

సంతలో ఎండకు ఒక సీసా బిరడా ఠప్పున ఎగిరింది. అక్కడే ఉన్న ఆబ్కారీ ఎస్సై వాసన చూసి, ఇది ఇప్పసారా అంటూ సీసాలతో సహా లచ్చుబాయిని జీపెక్కించాడు. కేసు పడితే ఆమెకు జైలు, మా బృందం మూత. నాకు ఒళ్లు మండిపోయింది. వెంటనే ఠాణాకు వెళ్లాను.

"ఇప్పపువ్వు పడ్డదా లేదా? పడితే సారానే" అన్నాడు ఎస్సై.

"జర ఆగుండ్రి సార్. పరీక్ష చేయంది నేనీడికెల్లి కదల" అన్నాను.

అయితే ముందు ఆమెనే తాగమన్నాడు. లచ్చుబాయి ఒక్కో సీసాలోంచి గుటక వేస్తూ వచ్చింది. బిరడా ఎగిరిన సీసా దగ్గర మాత్రం ఆగింది. వాసన చూసి, నేలమీద నాలుగు చుక్కలు వదిలి, అప్పుడు నోట్లో పోసుకుంది. సారా తాగే ముందు చనిపోయిన పెద్దలకని అలా వదలడం వాళ్ల పద్ధతి.

"సూసిండ్రా! తనే ఒప్పుకున్నది" అని ఎస్సై బల్ల చరిచాడు.

"గిది పులిసింది సార్. చల్లారినంక నింపిన. పెద్దలకు వొయ్యకుండ ఎట్ల తాగుత?" అంది లచ్చుబాయి.

అయినా నేను వదల్లేదు. "మరి కడమ సీసాలకు సుక్క ఎందుకు ఇడువలే సార్? అవి షర్బతే గనక!" అన్నాను.

ఆచారం సాక్ష్యంగా చెల్లదని నాకు తెలుసు. సంచిలోంచి హైడ్రోమీటర్ తీశాను. రసంలో తీపి ఎక్కువుంటే పైకి తేలే గాజు గొట్టం అది. రసం పులిసి తీపి తగ్గితే కిందికి దిగుతుంది. ఎస్సై కళ్లముందే ఒక్కో సీసా పరీక్షించాను. బిరడా ఎగిరిన దాంట్లోనే గొట్టం దిగింది. ఒక్క సీసా పులిసినంత మాత్రాన సారా కేసు నిలవదని ఎస్సై ఆ సీసా పారబోయించి, ఆమెను, మిగతా సీసాలను వదిలేశాడు.

ఇప్పపువ్వు పాకం నేర్పడం ఆ తర్వాత కూడా నేను మానలేదు. వేడిమీద నింపమని మాత్రం మరింత కటువుగా చెప్పేదాన్ని. తనిఖీకి వచ్చినవాడి ముందు చెడిన సీసాను దాచకూడదు. అది చెడిందని ముందే ఒప్పుకుంటేనే, తక్కినవి బాగున్నాయన్న మాట నిలుస్తుంది.