అల్లిన మేజోడుకి కత్తెర

మొన్న మా మనవరాలు మడమ దగ్గర చిల్లుపడిన మేజోళ్ళని చెత్తబుట్టలో పడేస్తుంటే, ఉండవే తల్లీ అని చెయ్యి పట్టుకున్నాను గానీ, ఎందుకు పట్టుకున్నానో దానికి చెప్పలేకపోయాను. మీకైతే చెప్పుకోగలను, నా ఈడు వాళ్ళు కదా.

డెబ్బైల చివర్లో మేము బందరులో ఉండేవాళ్ళం. ఉక్కపోతతో ప్రాణం పోయే ఆ ఊళ్ళో మేజోళ్ళతో ఎవరికండీ పని? కానీ మా అన్నయ్య సైన్యంలో చేరి కాశ్మీరు మంచులో ఉండేవాడు. నేను రెండు సూదులతో అల్లి, అంచులు కలిపి కుట్టి పంపిన మేజోళ్ళు వేసుకుంటే, ఆ కుట్టు ఒరుసుకుని మడమలు పుళ్ళు పడ్డాయని ఉత్తరం రాశాడు. అది విని అమ్మ రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. అప్పుడు పక్కింటి సాయిబుగారి భార్య, మేము పిన్నిగారని పిలిచే ఆవిడ, కుట్టన్నదే లేకుండా నాలుగు సూదుల మీద గుండ్రంగా అల్లడం నేర్పుతానన్నారు.

పదిహేను రోజులు కుస్తీ పట్టాను. సూదులు జారి వరసలు ఊడిపోతే ఏడ్చి, తిట్టుకుని, మళ్ళీ అల్లి, చివరికి రెండు గొట్టాలు తయారుచేశాను. వేళ్ళ వైపు మూసుకున్నాయి గానీ మడమే లేదు. సెలవు ముగించుకుని వెనక్కి వెళ్తున్న అన్నయ్య స్నేహితుడు మర్నాడే గుడివాడలో రైలెక్కుతాడు, ఆలోగా అతని చేతిలో పెట్టాలి. మడమ ఎలాగండీ అని అడిగితే, పిన్నిగారు గొట్టాన్ని ఒళ్ళో పరుచుకుని, కత్తెర తీసి, నట్టనడుమ ఊలుపోగుని టక్కున కత్తిరించేశారు!

నా పైప్రాణాలు పైనే పోయాయి. పదిహేను రోజుల కష్టం! కోపంలో నోరు జారాను.

"మంచులో ఉన్నది మీవాళ్ళు కాదుగా, మీకేం పోయింది!"

ఆవిడ ముఖం పాలిపోయింది. "ఊరుకోమ్మా, సూది పట్టు" అన్నారంతే. తెగిన చోట సగం వరస ఊడదీసి, తెరుచుకున్న నోటి చుట్టూ సూదులెక్కించి, నా చేతనే మడమ అల్లించారు. ముందు అరిగేది మడమే కాబట్టి, అరిగినప్పుడు అదొక్కటీ విప్పి మళ్ళీ అల్లుకోవచ్చని చెప్పారు. సాయంత్రానికి రెండూ పూర్తయ్యాయి.

ఇంటికొచ్చి జరిగింది చెబితే, అమ్మ చేతిలో గరిటె వదిలేసి, ఎంత మాటన్నావే అని నెత్తి కొట్టుకుంది. సాయిబుగారు కుంటుతూ నడవడం ఏదో లారీ ప్రమాదం వల్లనుకునేదాన్ని. కాదట. ఆయనా సైన్యంలో చేసినవారేనట, కుడికాలి వేళ్ళు ఐదూ మంచుకే పోయాయట. ఆవిడ ఆ అల్లిక నేర్చుకున్నది ఆయన కాళ్ళ కోసమేనట.

అన్నయ్య పుళ్ళు మానాయి. ఆ మేజోళ్ళకి మూడుసార్లు మడమలు మార్చాను. మార్చిన ప్రతిసారీ, తప్పయిపోయిందని చెప్పాలనుకుంటూ పిన్నిగారింటికి వెళ్ళడం, ఆవిడిచ్చిన టీ తాగి వచ్చేయడం. ఇప్పుడు ఏ అల్లికైనా ఫోనులో చూసి నేర్చేసుకుంటున్నారు. ఎదురుగా మనిషి లేరు కనుక ఎవరినీ నొప్పించే పని లేదు, అదీ మంచిదేనేమో. పిన్నిగారు పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడకి చెప్పాల్సిన ఆ ఒక్క మాటా నా దగ్గరే ఉండిపోయింది.