బూజు పట్టిన రాయి కోసం

ఈ ప్రయాణానికి కారణం నా తొందరపాటు. గచ్చిబౌలిలో ఒక విశ్వవిద్యాలయం ప్రయోగశాలలో పదకొండేళ్ళుగా రాళ్ళు నూరడం నా ఉద్యోగం. ఆ పొడిని ఎక్స్‌రే యంత్రంలో పెడితే గీతలు వస్తాయి. వాటిని బట్టి అందులో ఏ ఖనిజం ఉందో చెబుతాం. మొన్న వేసవిలో మా వెనక కడుతున్న భవనానికి వచ్చిన కంకరలో ఒక నల్లరాయి కనిపించింది. మా చుట్టుపక్కలవన్నీ గ్రానైట్ గుండ్లు, ఇది లావా రాయి. ఎప్పుడో వేడినీళ్ళు దాని సందుల్లోకి పాకి, రాయిని మెత్తబరిచి, గాలిబుడగల ఖాళీలో సన్నటి సూదుల్లాంటి స్ఫటికాల తెల్లటి కుచ్చు ఒకటి పెంచాయి. అలవాటుకొద్దీ ఆ కుచ్చంతా నూరేశాను.

వచ్చిన గీతలు తెలిసిన ఏ ఖనిజానికీ సరిపోలేదు. మా ప్రొఫెసర్ గారు మూడుసార్లు చూసి, "కొత్తదేనమ్మా. మిగిలిన ముక్క ఏదీ?" అన్నారు. మిగిలింది లేదు. కొత్త ఖనిజమని లోకం ఒప్పుకోవాలంటే మ్యూజియంలో దాచడానికి ముక్క ఉండాలి, అది ఎక్కడిదో తెలియాలి. లేకపోతే మేం చూసింది చూడనట్టే. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

కంకర లారీ చీటీ మీద వికారాబాద్ అవతలి ఒక క్వారీ పేరుంది. అక్కడి వాచ్‌మన్ మల్లయ్య నంబరు సంపాదించి, "తెల్లటి కుచ్చులున్న రాళ్ళు ఉంటే తీసి ఉంచండి" అని ఫోన్లో చెప్పాను. శనివారం పొద్దున ఆరింటికి బైక్ టాక్సీలో లింగంపల్లి చేరాను. ఆరూ యాభైకి రావాల్సిన రైలు ఏడుంపావుకు వచ్చింది. కిటికీ పక్క సీటు దొరికింది.

ఎదురుగా కూర్చున్న యాదమ్మ ఒక ఐటీ ఆఫీసులో హౌస్‌కీపింగ్ చేస్తుందట, తాండూరు దగ్గర తల్లిగారింటికి పోతోంది. నా సంచిలోంచి తొంగిచూస్తున్న సుత్తిని చూసి, "ఏంది మేడం, గా సుత్తె పట్టుకొని యాడికి పోతున్నరు?" అంది. రాయి కోసమన్నాను. "రాయికి గింత దూరమా? మా బస్తీల మస్తున్నయ్, అడిగితే ఇస్తుంటిమి గద," అని జొన్నరొట్టెలో సగం తుంచి ఇచ్చింది.

ఎనిమిదిన్నరకు వికారాబాద్. స్టేషన్ బయట ఇడ్లీ తిని షేర్ ఆటో ఎక్కితే ముప్పావుగంట, ఆపైన రెండు కిలోమీటర్లు నడక. వెళ్ళేవాళ్ళు సీసాలో నీళ్ళు స్టేషన్ దగ్గరే నింపుకోవాలి, తర్వాత దొరకవు.

మల్లయ్య నాకోసం మంచం మీద నాలుగు రాళ్ళు వరసగా పేర్చి ఉంచాడు. అద్దాల్లా మెరుస్తున్నాయి. ఒక్కోటీ తిప్పి చూశాను, ఎక్కడా కుచ్చు లేదు.

"బూజు పట్టి ఉండె మేడం. పట్నం నుంచి వస్తున్నరని వైరు బ్రష్‌తోని తోమిన. జర సర్ఫు గూడ ఏసిన," అన్నాడు.

మంచం అంచున కూర్చున్నాను. నాకు కావలసింది ఆ బూజేనని చెప్పాను. మల్లయ్య మొహం చిన్నబోయింది. "గట్లయితే ఫోన్ల బూజు అనే చెప్పాలె గద. కుచ్చులంటే నాకేమెరుక?" అన్నాడు. నిజమే. మొదటి కుచ్చును నేను పాడుచేస్తే, తర్వాతివాటిని నా మాట పాడుచేసింది.

ఆ రాయి వచ్చిన పొర ఎక్కడని అడిగితే గుంట దగ్గరికి తీసుకెళ్ళాడు. "గా అడుగున ఉండె. మోటరు బందు పెట్టినంక నీళ్ళు నిండినయ్." పచ్చటి నీళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాను.

ఇంతలో అతని భార్య సాయమ్మ వచ్చింది. "మన మేకల కొట్టం గోడ గా రాయితోనే కట్టలే? కంకర కొట్టే క్రషరోళ్ళు కుళ్ళు రాయని పారేస్తే నేనే మోస్కొస్తి," అంది. కొట్టం దగ్గరికి నడిచాం. ఒక షరతు పెట్టింది: ఎన్ని తీస్తే అన్ని పెట్టిపోవాలి, వానలొస్తే మేకలు తడుస్తాయి. మల్లయ్య గడ్డపారతో మూడో వరసలోంచి ఒక రాయి పెకలించాడు. నేను దానంత గట్టిరాయి మోసుకొచ్చి ఆ సందులో కూర్చోబెట్టాను.

నా సుత్తి మూడో దెబ్బకు పెకలించిన రాయి విచ్చుకుంది. లోపల బుడగంత ఖాళీ, అందులో రెండు కుచ్చులు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. భూతద్దంలో చూస్తే కొసలు తేనెరంగు. నేను నూరేసినదానికీ ఇలాగే ఉండేవి. చిన్నదాంట్లోంచి ఆవగింజంత తీసి పెడితే సోమవారం యంత్రం కూడా అవే గీతలు చూపించింది. కానీ నాకు అక్కడే తెలిసిపోయింది, కళ్ళు చెమర్చాయి.

సాయమ్మ వంగి చూసింది. "ఊపిరి తగిల్తె పోయేటట్టున్నది," అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తిరుగు రైలు మూడూ నలభైకి. శంకర్‌పల్లిలో జనం ఎక్కారు. పక్కనున్న కుర్ర ఇంజనీరు, "ఆ బాక్సు పైన పెట్టేయండి, ప్లేస్ వస్తుందండి," అన్నాడు. వద్దని ఒళ్ళోనే పెట్టుకున్నాను. దూదిలో చుట్టిన రాయి లోపలుంది. ఈ దారిన వెళ్ళేవాళ్ళకు చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు, నీళ్ళగుంట, మేకల కొట్టం. నాకు మాత్రం ఇంత నిండుగా గడిచిన రోజు ఈ మధ్య లేదు.

లింగంపల్లి వచ్చేలోపు ఆ రాయితో పాటు ఉంచే చీటీ రాశాను. పొర: క్వారీ అడుగు, ఇప్పుడు నీళ్ళలో. దొరికిన చోటు: మేకల కొట్టం గోడ, మూడో వరస. దాని కింద పెద్ద అక్షరాలతో, ఇన్నేళ్ళలో ఏ చీటీ మీదా రాయని మాట రాశాను: పెద్ద కుచ్చును నూరవద్దు. మా ప్రయోగశాలలో నూరేది నేనొక్కదాన్నే.