పొడి డబ్బా మీద నిషాత్ ఫొటో

నిషాత్ హిందూపురంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో బయోకెమిస్ట్రీ చెబుతుంది. ఆమె తండ్రి సుభాన్ పెనుకొండ మార్కెట్లో ముప్పై ఏళ్లుగా కరివేపాకు, కొత్తిమీర అమ్ముతున్నాడు. పరిశోధనకు కరివేపాకే ఎందుకని గైడ్ అడిగితే, ఆ వాసనలోనే పెరిగానని చెప్పింది.

నాలుగేళ్లు పనిచేసింది. ఆకు నుంచి తీసిన సారం కలపగానే ఊదారంగు ద్రావణం పసుపు రంగుకు తిరిగేది. ఆకులో యాంటీ ఆక్సిడెంట్లు ఉన్నాయనడానికి అది గుర్తు. గాజు పళ్ళెంలో పెంచిన క్యాన్సర్ కణాల మీద అదే సారం పోస్తే చాలావరకు చచ్చాయి. అయితే మనిషి ఒంట్లో అది ఎలా పనిచేస్తుందో తెలియదనీ, తిండితో అంత సారం ఒంటికి పట్టే వీలే లేదనీ థీసిస్ చివర ఆమే రాసింది.

రెండేళ్ల కిందట డాక్టరేట్ వచ్చినప్పుడు ఒక పత్రిక జిల్లా పేజీలో ‘కరివేపాకుతో క్యాన్సర్‌కు చెక్’ అని ఆమె ఫొటో వేశారు. అది తప్పని చదవగానే తెలిసింది. ఫోన్ చేసి చెబుదామనుకుంది. కానీ తండ్రి ఆ పేపరు పట్టుకుని మార్కెట్టంతా తిరిగి చూపిస్తుంటే ఊరుకుంది.

నిరుడు ధర్మవరం నుంచి రంగనాయకమ్మ అనే ఆవిడ తన కోడలు పావనిని వెంటబెట్టుకొని కాలేజీకి వచ్చింది. యాభై దాటిన మనిషి, పట్టుచీరలు నేస్తుంది. స్టాఫ్ రూములో సంచిలోంచి ఒక డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. కరివేపాకు పొడి. డబ్బా మీద పేపర్లో వచ్చిన నిషాత్ ఫొటో, కింద ఆమె పేరు, ముందు డాక్టర్ అని.

“రెండు పూటలా తాగుతాండా పాపా. నాలుగు నెలలాయె. గడ్డ ఇంగా కరగల్యా. మూడు పూటలా తాగల్లేమో నిన్నే అడుగుదామని వచ్చినా.”

అది రొమ్ములో గడ్డ అనీ, బెంగళూరులో రెండు ఇంజెక్షన్లు వేయించుకొని వాంతులకు తాళలేక ఉన్నప్పుడు ఈ పొడి దొరికిందనీ, దాంతో వైద్యం మానేసిందనీ పావని చెప్పింది. నిషాత్‌కు ఒళ్లు మండిపోయింది. ఈ పొడికి గడ్డ కరగదనీ, రేపే ఆసుపత్రికి పొమ్మనీ గట్టిగా చెప్పింది.

రంగనాయకమ్మ డబ్బా మీది ఫొటో మీద వేలు పెట్టింది. “మరి పేపర్లో నవ్వుతా నిలబడినావే. ఆ నవ్వు జూసే గదా నేను మందు మానేసింది” అంది.

నిషాత్ డబ్బా తిప్పి, పొడి తయారుచేసేవాళ్ల చిరునామా రాసుకుంది.

మర్నాడే ధర్మవరం వెళ్లింది. పొడి తయారుచేసే రఘునాథ్ తన దుకాణంలో ఆమెను గుర్తుపట్టి కుర్చీ వేశాడు, టీ తెప్పించబోయాడు. ఆమె కూర్చోలేదు.

“నేనేమన్నా సొంతంగా రాసినానామ్మా? పేపర్లో వచ్చిందే వేసినా. నీకూ పేరొచ్చె గదా” అన్నాడతను.

ఆమె అరమీది డబ్బా తీసి, అతని ముందే కాగితం చించేసింది. కొనడానికి నిలబడ్డ వాళ్లకు ఇది మందు కాదని గొంతు పెంచి చెప్పింది. ఒకామె డబ్బా వెనక్కి పెట్టేసింది. మరొకతను, ఎవరి నమ్మకం వాళ్లదని కొనుక్కుపోయాడు.

ఆహార భద్రత అధికారులకు ఫిర్యాదు రాసింది. కాలేజీ పేరు బజారున పడుతుంది, వదిలెయ్యమన్నాడు ప్రిన్సిపాల్. ఆ మాటతో ఆమె పంతం ఇంకా పెరిగింది. పత్రిక ఆఫీసు చుట్టూ నెల తిరిగితే సవరణ వేశారు. నాలుగు లైన్లు, పేజీ అడుగున. చివరికి రఘునాథ్ డబ్బా మీద ఫొటో తీసేశాడు, క్యాన్సర్ అన్న మాటా తీసేశాడు. ఇప్పుడు ‘సకల ఆరోగ్యానికి’ అని వేసి అమ్ముతున్నాడు.

ఈలోగానే బెంగళూరుకు రంగనాయకమ్మను నిషాతే దగ్గరుండి తీసుకెళ్లింది. రైల్లో పెద్దావిడ నిషాత్ మొహం చూడకుండా కిటికీ వైపే తిరిగి కూర్చుంది. జబ్బు చంక దాకా పాకిందన్నారు. మిగిలిన ఇంజెక్షన్లు వేసి, రొమ్ము తీసేశారు. బతికింది. కానీ కుడి చెయ్యి పూర్తిగా పైకి లేవదు. మగ్గం ఇప్పుడు పావనిది.

మొన్న జనవరిలో నిషాత్ చూడబోయింది. రంగనాయకమ్మ ఎడమచేత్తో పట్టుదారం కండెలకు చుట్టుకుంటోంది.

“నా మీద కోపం పోయిందా పెద్దమ్మా?”

“యాడ పోతాది? నీకు పోయిందా, ఆ పొడి అమ్మేవాని మింద?”

“లేదు.”

“అయితే కూచో” అని చాప జరిపింది.